శంషాబాదునుండి క్లీవ్‌లాండు వఱకు

కాశీరామేశ్వరములు సేవించి వచ్చిన సోదరీమణులు తమ యాత్రావిశేషములను వ్రాయుచుండగా చదివి సంతోషించుదానను నేను. నాకట్టి భాగ్యము తక్కువ. పంతులుగారి సంసారమున సెలవులు మెండు, పైకము కొంచెము. విమానాశ్రయము మా యూరనే యున్నను నేనింతవఱకు విమానమెక్కి యెఱుగను. అయినను 2024వ సంవత్సరము మార్చి 23వ తేదీ మొదలు ఏప్రిలు 8వ తేదీ వఱకు, పదునేడు దినములలో, అమెరికాలోని అయోవా సిటీ, ఆల్బనీ, క్లీవ్‌లాండు అను మూడు పట్టణములను ఒక ఆడపిల్లల జట్టు వెంట చుట్టి వచ్చితిని. ఎట్లు వెళ్లితినో, వెళ్లి యేమి తెలిసికొంటినో విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మా యూరి సంగతి. హైదరాబాదునుండి బెంగుళూరునకు బోవు జాతీయ రహదారిమీద, నగరమునకు దక్షిణముగా, మా శంషాబాదున్నది. నైజాము కాలమునందు పాయిగా ప్రభువులకు షమ్సుల్ ఉమ్రా యను బిరుదముండెడిది. ఊరికి ఆ పేరే వచ్చినదని పెద్దలు చెప్పుదురు. రైలు స్టేషనుకు మాత్రము ఉందానగరని వేఱొక పేరు. శంషాబాదు స్టేషనెప్పుడు వచ్చునా యని కిటికీలోనుండి చూచుచు దిగవలసిన చోటు దాటిపోయిన చుట్టములు మాకు కలరు. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన బేగంపేటనుండి విమానములు మా యూరికి తరలివచ్చెను. నేను కాపురమునకు వచ్చినదియు ఆ యేడే. అయిదువేల యెకరములకు మించిన నేలలో, నాలుగు కిలోమీటర్లకు పైబడిన పొడవున, విమానములు పరుగెత్తు బాటను పఱచిరి. ఆ తరువాత నగరమునుండి వచ్చువారికై మెహిదీపట్నము మొదలు ఆరాంఘరు వఱకు స్తంభములమీద 11.6 కిలోమీటర్ల వంతెన నిలిపి, 2009లో దానికి పి.వి. నరసింహారావుగారి పేరు పెట్టిరి. ముచ్చింతలలో 216 అడుగుల శ్రీరామానుజాచార్యుల విగ్రహము 2022లో వెలసెను. ఇన్ని మార్పుల నడుమను మా పేటలో తెల్లవాఱుజామున కల్లాపిచల్లు చప్పుడు నేటికిని వినవచ్చును. ఆ చప్పుడు మీదుగా విమానము పోవును. క్రొత్తలో తలయెత్తి చూచుచుంటిమి. ఇప్పుడు పసిబిడ్డలు గూడ నిద్రలో కదలరు.

నేను బడికి పోయినదానను గాను. మా నాయనగారు ఇంటనే కూర్చుండబెట్టి అమరము, రఘువంశము, భారతము చెప్పిరి. నాకు పదునాలుగేండ్లు చిన్నదగు చెల్లెలు, ఆయన పోయిన పిదప, మా యింటనే పెరిగి కాలేజీలో చదివినది. పై చదువునకు అయోవా విశ్వవిద్యాలయమున చోటు దొరకగా బ్యాంకులో అప్పు తీసికొంటిమి. చిలుకూరి బాలాజీకి మ్రొక్కుకొని, వీసా వచ్చిన పిమ్మట నూటయెనిమిది ప్రదక్షిణములు చేసితిమి. 2023 ఆగస్టు మాసమున నొక రాత్రి దానిని సాగనంపుటకై విమానాశ్రయమునకు బోయితిమి.

ఆ కాలమున రాత్రివేళ మా విమానాశ్రయమును చూచినవారికి పెండ్లివారి విడిది జ్ఞప్తికి రాకమానదు. ఒక్క బిడ్డ ప్రయాణము, పదునైదుగురు బంధువులు. ఒక్కొక్క పెట్టె ఇరువదిమూడు కిలోలు దాటరాదు గనుక, మూతలు తెఱచి, గోంగూర పచ్చడి తీయుటయా, కారప్పొడి తీయుటయా యని అచ్చటనే ఆలోచనలు. మామ్మలు నుదుట కుంకుమ దిద్దుచుందురు. తండ్రులు కాగితములు మఱల మఱల లెక్కపెట్టుచుందురు. ద్వారమువద్ద తుపాకి ధరించిన జవాను టిక్కెట్టు చూచి, పోవలసినవారిని లోనికి విడుచును. మనము వెలుపలనే నిలువవలెను. అద్దముల గోడకు ముఖమానించి చెల్లెలి పచ్చని చున్నీ జనములో కలిసిపోవువఱకు చూచితిని. ఇంటికి వచ్చి దాని పళ్లెము కడిగి బోర్లించునప్పుడు గాని నాకు ఏడ్పు రాలేదు.

శరత్కాలము బాగుగనే గడచెను. చలికాలము వచ్చిన తరువాత చెల్లెలి కంఠము మాఱినది. అయోవా మొక్కజొన్న పండించు మైదానభూమి, గాలికి అడ్డులేదు. జనవరిలో వేడి సున్నకంటె మిక్కిలి దిగువకు బోయి, సాయంకాలము అయిదు గంటలకే చీకటి పడుచున్నదట. ఒకనాడు ఫోనులో, "అక్కా, మూడు దినములనుండి తరగతిలో తప్ప ఒక్కరితోనైనను మాటాడలేదు. వచ్చివేయుదునా?" అని యడిగెను. అప్పు సంగతి నా నోటివఱకు వచ్చినది, మ్రింగివేసితిని. "నీ యిల్లెప్పుడును ఇచ్చటనే యున్నది. ఒక్క నెల చూడు" అని మాత్రమంటిని.

ఆ నెలలోనే దానికి ఆట పరిచయమయ్యెను. గదిలో తోడుండు పిల్లలు విశ్వవిద్యాలయ స్త్రీల బాస్కెట్‌బాలు జట్టునకు భక్తురాండ్రట. ఆటనాడు ఊరంతయు పసుపు నలుపు దుస్తులు ధరించునట, పచారికొట్టులోని ముసలమ్మయు, బస్సు నడుపునాతడును, "రాత్రి ఆట చూచితివా?" అని పలుకరించునట. "అక్కా, మొదటిసారిగా ఈ యూరివారు నన్ను తమలోని దానినిగా మాటాడించినారు" అని చెల్లెలు చెప్పినప్పుడు, పేరైనను ఎఱుగని ఆ జట్టుమీద నాకు ప్రేమ కలిగెను.

ఈ ఆట నెఱుగని సోదరీమణులకై రెండు మాటలు. 1891వ సంవత్సరమున అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జేమ్సు నైస్మిత్తను ఉపాధ్యాయుడు, చలికాలమున చావడిలో ఆడుకొనుటకై, పీచుపండ్ల బుట్టలను రెండు గోడలకు కొట్టించి, అందులో బంతి వేయుడని శిష్యులకు చెప్పెను. పక్షమున కయిదుగురు. బంతిని నేలకు కొట్టుకొనుచు పోవలెను గాని చేతబట్టి పరుగిడరాదు. దగ్గఱనుండి వేసినచో రెండు పాయింట్లు, దూరపు గీత కావలినుండి వేసినచో మూడు. మఱుసటి యేడే సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని స్మిత్తు కళాశాలలో ఆడుపిల్లలకు దీనిని నేర్ప మొదలిడెను. అయితే స్త్రీలు సుకుమారులు, అలసిపోదురను తలంపుతో ఆమె ఆటస్థలమును భాగములుగా విభజించి, ఎవరి భాగమున వారే యుండవలెనని నియమించినది.

ఆ నియమము అయోవా గ్రామసీమలలో చిరకాలము నిలిచినది. అచ్చటి ఉన్నతపాఠశాలల బాలికలు జట్టునకు ఆఱుగురు చొప్పున ఆడెడివారు. ముగ్గురు బంతి వేయువారు, ముగ్గురు అడ్డగించువారు. మధ్యగీతను ఎవ్వరును దాటరాదు. 1920నుండి రాష్ట్రమంతటికిని బాలికల పోటీలు జరుగుచు, రైతుకుటుంబములు బండ్లు కట్టుకొని మన జాతరలకు బోయినట్లు పోవుచుండెనట. విద్యాలయములలో స్త్రీపురుషభేదము చూపరాదని 1972లో శాసనము వచ్చిన పిమ్మట కళాశాలలలో బాలికల జట్లకు బలము చేకూరెను. అయోవాలో ఆ ఆఱుగురి ఆట 1993లో ముగిసి, బాలికలును స్థలమంతయు తిరిగి ఆడజొచ్చిరి. చెల్లెలిది చెప్పుచుండగా నేను వంటయింటి గడపమీద కూర్చుండి యుంటిని. మధ్యగీత యనగానే నా చూపు ఆ గడపమీదికే పోయినది.

2024లో ఆ జట్టునకు ప్రాణము కేట్లిన్ క్లార్కు అను బాలిక. పరదేశమునుండి తెచ్చిన ఆటకత్తె గాదు. ఆ రాష్ట్రమున పుట్టి పెరిగిన పిల్లయే. పురుషులలో పీట్ మారవిచ్ 1970లో నిలిపిన 3,667 పాయింట్ల లెక్కను ఆమె మార్చి 3వ తేదీన దాటెను. ఆ పిమ్మట జాతీయ పోటీలు వచ్చెను. అందు అఱువదియెనిమిది జట్లు. ఒక్కసారి యోడినచో ఇంటికి బోవలసినదే. మఱల అవకాశము లేదు. ఓడకుండ ఆఱు ఆటలు గెలిచిన జట్టే విజేత. అంతకుముందటి యేడు ఈ జట్టు కడపటి ఆటవఱకు బోయి, లూయిసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారి చేత 102-85తో ఓడియుండెను.

మా టీవీలో ఆ ఆటలు నాకు దొరకలేదు. ధృతరాష్ట్రుడు హస్తినాపురమున కూర్చుండి కురుక్షేత్రసమరమును సంజయుని నోట విన్నట్లు, నేను శంషాబాదున కూర్చుండి వాట్సాపు ఫోనులో చెల్లెలి నోట వింటిని. అక్కడి పగలు మనకు రాత్రి. అక్కడి రాత్రి మనకు ఉదయము. మొదటి ఆట మార్చి 23న, మా విమానాశ్రయమునకు పదునాఱేండ్లు నిండిన దినముననే. అయోవా సిటీలో తమ సొంత ఆవరణముననే మనవారు హోలీక్రాసు జట్టును 91-65తో గెలిచిరి. మనవారని వ్రాసితిని గదా! ఆ వృద్ధరాజునకు నావారు, పాండునివారు అను భేదబుద్ధి యెట్లు కలిగెనో, ఆ క్షణమున తెలిసినది.

రెండవ ఆట హోలీ మఱునాటి వేకువను మనకు వినవచ్చినది. వెస్టువర్జీనియా పిల్లలు ఊపిరి సలుపనీయలేదు. మావారికి నిద్రాభంగమగునని నేను అరుగుమీదికి వచ్చి, పాలకుండ ప్రక్కన ఫోను పెట్టుకొని వినుచుంటిని. 64-54తో గెలిచినారని చెల్లెలు కేక వేయగా నేనును కేక వేసితిని. ప్రహరీ కావలినుండి, "ఎవరు గెలిచినారత్తమ్మా?" అని మెల్లగా నొక గొంతు వినబడెను.

అది ప్రక్కయింటి పిల్ల. అప్పుడు తొమ్మిదవ తరగతి. మావారి బడిలోనే చదువు. వయసునకు మించిన పొడవు. బడి ఆవరణలో నొక ఇనుప స్తంభమునకు, వల ఊడిపోయిన ఇనుప వలయమొకటి కలదు. ఆ పిల్ల సాయంకాలము అక్కడనే బంతి వేయుచుండును. నేనిచ్చట ఒక తప్పు ఒప్పుకొనవలెను. అంతకు రెండు నెలల క్రిందట దాని తల్లి నాతో, "వదినా, పిల్ల పెద్దదైనది. ఇంక ఆటలేమిటని మా యత్త గొణుగుచున్నది. మీరేమందురు?" అని యడుగగా, నేను పెద్దరికము వహించి, "ఔను వదినా, పదవ తరగతి వచ్చుచున్నది. ఆడినంతవఱకు చాలును" అని చెప్పియుంటిని. అట్లు చెప్పినదానను నేనే. తెల్లవాఱకముందే లేచి, సముద్రముల కావలి బాలికల ఆటకు కేకలు వేసినదానను నేనే. పిల్లకు నా మాట తెలియునో తెలియదో నేనడుగలేదు. "లోనికి రా తల్లీ" అని పిలిచితిని.

నాటినుండి మేమిద్దఱము శ్రోతలము. మూడవ ఆటకు జట్టు ఆల్బనీ పట్టణమునకు తరలిపోయి కొలరాడోను 89-68తో గెలిచినది. ఏప్రిలు 2వ తేదీ వేకువను, అక్కడ ఇంకను ఒకటవ తేదీయే, వెనుకటి యేడు ఓడించిన లూయిసియానావారే మఱల ఎదురైరి. క్లార్కు ఒక్కతెయే 41 పాయింట్లు వేసెను. దూరపు గీత కావలినుండియే తొమ్మిదిమారులు బుట్టలో వేసెనట. 94-87. ప్రక్కయింటి పిల్ల మా పెరటిలో బొగ్గుతో గీత గీసి, అంత దూరమునుండి గోడమీది గుర్తునకు బంతి విసరి చూపి, "అత్తమ్మా, ఇంత దూరము!" అనెను. నేను బియ్యమేఱుచు చూచితిని. నిజముగా చాల దూరమే.

సెమీఫైనలు క్లీవ్‌లాండున. ఏప్రిలు 6, శనివారము, ఉదయము. కనెక్టికట్ జట్టుతో 71-69. కడపటి నాలుగు క్షణములలో ఎదిరిపక్షపు బాలిక నిలిచిన తీరు తప్పని తీర్పరి యీల వేయగా బంతి మనవారికి వచ్చినది. ఆ తీర్పు న్యాయమా కాదా యని ఆ దేశమంతయు వాదించుకొనెను. మా యింటిలోను వాదము జరిగెను; మావారు న్యాయము కాదనిరి; నేను మధ్యాహ్నమువఱకు ఆయనతో మాటాడలేదు. పక్షపాతమెంతటి విద్వాంసురాలినైనను గ్రుడ్డిదానిని చేయునని నాయనగారు చెప్పినది పిమ్మట జ్ఞప్తికి వచ్చి, కాఫీ యిచ్చితిని.

కడపటి ఆట మనకు 8వ తేదీ అర్ధరాత్రి దాటిన పిదప మొదలయ్యెను. ఎదిరి దక్షిణ కరొలీనా. ఆ యేడు ఒక్క ఆటయైనను ఓడని జట్టు. ప్రక్కయింటి పిల్ల తల్లి ననుమతి అడిగి మా యింటనే పండుకొన్నది, నిదురపోలేదు. మొదట మనవారికి పది, వారికి సున్న. పిల్ల నా చేయి పట్టుకొన్నది. మొదటి భాగమున క్లార్కు ఒక్కతెయే పదునెనిమిది వేసెను. కాని సగము ఆట ముగియునప్పటికి వారు మూడు పాయింట్లు ముందునకు వచ్చిరి. ఆ తరువాత చెల్లెలి మాటలు నెమ్మదియైనవి. 87-75. మనవారోడిరి.

ఆ రాత్రి చెల్లెలు చెప్పిన విశేషమొకటి నా మనసునుండి పోదు. ఆట మొదలిడునప్పుడు బరిలో నుండక, బల్లమీద కూర్చుండి తమ వంతునకై వేచియుండు బాలికలు ప్రతి జట్టునను ఉందురు. ఆనాడు దక్షిణ కరొలీనాలో అట్లు వేచి, తరువాత దిగిన బాలికలు వేసినవి 37 పాయింట్లు. అయోవాలో అట్టివారు వేసినది సున్న. ఒక్క మహారథిని నమ్మిన జట్టు, వేచియున్న వారందఱిని సిద్ధముచేసిన జట్టు చేత ఓడినది. మన యిండ్లలోను వేచియున్న బల్ల యొకటి కలదు. దానిమీద కూర్చున్నవారు తఱచుగా ఆడువారే. వారిని సిద్ధము చేయుచున్నామా? గెలిచిన జట్టు శిక్షకురాలు డాన్ స్టేలీ, విజయోత్సవమున సైతము, ఈ యాటను ఇంత యెత్తునకు తెచ్చినందులకు ఓడిన క్లార్కునకు పదుగురిలో కృతజ్ఞత చెప్పినది. అమెరికాలో ఆ యాటను చూచినవారు కోటి యెనుబదిలక్షలకు పైబడిరి. మఱునాటి పురుషుల కడపటి యాటను చూచినవారు కోటిన్నర లోపే.

మఱునాడు మధ్యాహ్నము క్లీవ్‌లాండున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టి పట్టపగలు చీకటియైనది. మనకది కనబడలేదు, అమావాస్య మాత్రము మనకును అదే. ఆ మఱునాడు ఉగాది. వేపపూవు గిల్లుచుండగా ప్రక్కయింటి పిల్ల వచ్చి, "అత్తమ్మా, ఓడిపోయి ఇంటికి పోయినవారిని వారి ఊరివారేమందురు?" అని యడిగెను. నాకు జవాబు తోచలేదు. రెండు దినములు గడచిన పిమ్మట చెల్లెలే చెప్పినది: 10వ తేదీన వారి ఆవరణమున వేలకొలది జనము కూడి, ఓడి వచ్చిన జట్టును నిలుచుండి చప్పట్లతో ఆదరించిరట, క్లార్కు ధరించిన 22వ అంకెను ఇకమీద మఱెవ్వరికి నీయమని అప్పుడే ప్రకటించిరట. చెల్లెలును ఆ జనములో నున్నది. "నేను గూడ ఏడ్చితినక్కా, పరాయి దేశమున ఏడ్చుటకు నాకును ఒక కారణము దొరకినది" అని నవ్వెను. వచ్చివేయుదునా యను మాట మఱల దాని నోట రాలేదు.

అప్పుడు నాకు 2016వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీ జ్ఞప్తికి వచ్చినది. రియో ఒలింపిక్సులో వెండిపతకము గెలిచి పి.వి. సింధు శంషాబాదున దిగినది. కప్పులేని రెండంతస్తుల బస్సుమీద ఆమెను గచ్చిబౌలి స్టేడియమునకు ఊరేగించిరి. దారిపొడవున జనమే జనము. నేనును చెల్లెలి చేయి పట్టుకొని నిలిచి చేతులూపితిని. మన బిడ్డ యని అందఱమును గర్వించితిమి. మంచిదే. కాని ఆ బిడ్డ చిన్ననాట, పతకము లేనినాడు, చలిలో తెల్లవాఱకముందే సాధనకు బోవునప్పుడు వెంట నున్నది ఆమె తల్లిదండ్రులును గురువును గాని మనము గాము. గెలిచిన బిడ్డ అందఱి బిడ్డ. ఆడుచున్న బిడ్డ తల్లిదండ్రుల బిడ్డ మాత్రమే. విమానాశ్రయమున దండలతో నిలుచుట సులభము. వల లేని వలయము క్రింద బంతి విసరుచున్న పిల్లను చూచి, "చాలును, ఇంక లోనికి రా" అనకుండుట కష్టము. నేను అన్నదాననే గనుక చెప్పుచున్నాను.

ఆ యేడు శ్రీరామనవమి ఏప్రిలు 17న వచ్చినది. శంషాబాదు దాపున నర్కూడలో అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయము కలదు. ఎత్తైన గోపురము, కొబ్బరిచెట్ల నడుమ కోనేరు; సినిమాలవారు అచ్చట తఱచుగా చిత్రములు తీయుటచేత దానిని చూడని తెలుగువారరుదు, పేరెఱిగినవారు కొందఱే. కల్యాణము చూచి, పానకము త్రాగి, కోనేటి మెట్లమీద కూర్చుండినప్పుడు నేను ప్రక్కయింటి వదినతో, "నేనానాడు చెప్పిన మాట తప్పు. నేనెన్నడు ఆడియెఱుగను గనుక అట్లంటిని. పిల్లను ఆడనీయుము" అని చెప్పితిని. ఆమె చాలసేపు నీటివంక చూచి, "చెప్పుట సులభమే వదినా. సాయంకాలము చీకటిపడిన పిదప ఎవరు తీసికొని వత్తురు? పోటీలకు పోయినచో తోడెవరు?" అనెను. అది అత్తగారి చాదస్తము గాదు; న్యాయమైన ప్రశ్న. "నేను" అంటిని. ఆ మాట పలుకుటకు పూర్వము నేనాలోచింపలేదు.

నాటినుండి సాయంకాలము ఆఱు గంటలకు బడి గోడవద్ద నేను కాచియుందును. తిక్కన భారతము వెంట తీసికొనిపోయి చదువుకొందును. బంతి చప్పుడు నడుమ ఉద్యోగపర్వము పూర్తియైనది. బడిలో అంతకుముందు ఆట మానిన ముగ్గురు పిల్లలు, పెద్దదొకతె తోడున్నదని తెలిసి మఱల వచ్చిరి. ఆ వానకాలమున బడుల పోటీలు జరిగెను. ఆటోలో జట్టు వెంట నేనును బోయితిని. మా పిల్లలు మొదటి ఆట గెలిచి, రెండవదానిలో ఏడు పాయింట్ల తేడాతో ఓడిరి. ఫోనులో గాక కన్నులార నేను చూచిన మొదటి ఆటలవి. చెమటతో, మోకాలి దెబ్బతో వచ్చిన ఆ పిల్ల నా యెదుట తలవంచి నిలువగా, క్లీవ్‌లాండును తలచుకొని, నేను లేచి నిలిచి చప్పట్లు కొట్టితిని. తక్కిన తల్లులు మొదట నన్ను వింతగా చూచి, తరువాత తామును కొట్టిరి. త్రోవలో రహదారి ప్రక్కన హోటలులో అందఱికిని ఇడ్డెనలు తినిపించితిని. పదవ తరగతి పరీక్ష సంగతి అడుగుదురని తెలియును. ఆ పిల్ల మంచి మార్కులతోనే గట్టెక్కినది. ఆటవలననని నేననను, ఆటవలన చెడలేదని మాత్రము చెప్పగలను.

2025వ సంవత్సరము వేసవిలో చెల్లెలు చదువు ముగించుకొని చూచిపోవుటకు వచ్చినది. మఱల ఆ విమానాశ్రయమే. ఈసారి రాకల ద్వారము. ప్రక్కయింటి పిల్లయు మాతో వచ్చినది. కంచెవద్ద దండలతో, పేర్లు వ్రాసిన అట్టలతో ఎందఱో నిలిచియుండిరి. చెల్లెలు బండి త్రోసికొనుచు వచ్చి, నన్ను కౌగిలించుకొని, పిల్లను చూచి, "నీవేనా? ఎంత దూరమునుండి వేయగలవు?" అని యడిగెను. పిల్ల సిగ్గుపడి, పదునెనిమిది గజముల దూరమున నున్న స్తంభమును చూపి, "అంత దూరము కాదుగాని, కొంచెమిటునుండి" అనెను. పోవునాడు ఇరువదిమూడు కిలోలకు ఒక్క కొలతయు తగ్గని ఆ పెట్టెను పిల్ల ఒంటిచేత ఎత్తి ఆటోలో పెట్టినది.

సోదరీమణులారా, మీలో పెక్కుమంది నావలెనే ఆట యెఱుగనివారైయుందురు. ఆట యెఱుగుట అవసరము గాదు. మీ వీథిలోను ఆడుచున్న పిల్ల యొకతె యుండును. సాయంకాలము ఆఱు గంటలకు ఆమెకై ఒకరు గోడవద్ద కాచియుండవలెను. ఆ పని మనకు చేతనగును. అమెరికా వఱకు పోనక్కఱలేదు. నేను పోయి వచ్చి తెలిసికొన్నది ఇంతమాత్రమే.